పోస్టుకార్డు మందం

మా నీటి ఇంజను పైరేకు విప్పి చూస్తే లోపల కూడా ఆకుపచ్చ రంగు. రెండుచోట్ల మాత్రం, వేలిగోరంత మేర, ఇనుము తెల్లగా మెరుస్తుంది. ఆకుపచ్చ రంగు వేసింది నేను. తెల్లగా గీకింది బరంపురం మిస్త్రీ. ఆ రంగుకీ ఆ గీకుడుకీ మధ్య గడిచిన రోజుల గురించి ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. చెప్పడానికి ముఖం చెల్లలేదు.

మాది గంజానికీ బరంపురానికీ మధ్య, పెద్దరోడ్డుకి లోపలగా ఉన్న ఊరు. భంజనగర్ దిక్కు నుంచి వచ్చే కాలవకి మేము చిట్టచివరి వాళ్ళం. పైఊళ్ళ మళ్ళన్నీ తడిసి, వాళ్ళు ఇక చాలనుకున్నాక ఏమైనా మిగిలితే మాకు. మా రెండెకరాల వరికి ఆధారం వాన. వాన లేకపోతే గెడ్డ, ఊరి పక్క వాగు. గెడ్డ పల్లంలో ఉంది, మా మడి మిట్టన ఉంది. మధ్యన నిలబడి నీళ్ళు తోడేది ఆ ఇంజనే.

మా ఇంట్లో ఇంజను కొత్త కాదు. మా ఆయన ఉన్న రోజుల్లో పాతది ఒకటుండేది. అది మొండికేస్తే ఆయన చక్రం విప్పేవారు, నేను పక్కన కూర్చుని స్పానర్లు అందించేదాన్ని. మూడో తరగతితో బడి మానేసినదాన్ని. స్పానరు మీద అంకె చదవడానికి ఆ చదువు చాలింది. చక్రం కింద రెండు చిన్న బొడిపెలుండేవి, పాయింట్లు అనేవారు. ఇరుసు తిరిగేకొద్దీ అవి కలిసి విడిపోయేవి. విడిపోయిన ఆ క్షణాన ప్లగ్గులో నిప్పురవ్వ పడేది. మసిబారితే గరుకు కాగితంతో రుద్దితే చాలు, ఇంజను దారికొచ్చేది. ఆయన పోయాక ఆ రుద్దే పని నాదయింది. ఊళ్ళో మగవాళ్ళు నవ్వేవారు. ఇంట్లో అయ్యే పనికి మిస్త్రీని పిలవడం నాకు చేతకాదు, ఎవరు నవ్వితే నాకేమిటి.

రవ్వ ఎప్పుడు పడాలో కూడా ఆయనే చెప్పారు. లోపల పిస్టన్ పైకి వస్తూ గాలినీ పెట్రోలునీ అదుముతుంది. అది పూర్తిగా పైకి చేరకముందే, ఇంకా రవ్వంత దూరం ఉందనగా నిప్పు పడాలి. మంట అంటుకుని బలం పుంజుకునే సరికి పిస్టన్ పైకి చేరి దిగడం మొదలుపెడుతుంది, అప్పుడు ఆ బలం దాన్ని కిందికి తోస్తుంది. ముందు పడితే ఎదురు తన్నుతుంది, వెనక పడితే నీరసంగా నడుస్తుంది. నాకిది వెంటనే అర్థమయింది. ధాన్యం దంచేటప్పుడు రోట్లో చెయ్యి పెట్టి ఎగదోసినదాన్ని నేను. రోకలి లేస్తుండగానే చెయ్యి దూరాలి. పైకి పోయి ఆగాక పెడదామనుకుంటే అప్పటికే అది దిగిపోతుంటుంది. ఒక్కసారి ఆ అదను తప్పాను. నా ఎడమ చూపుడువేలి గోరు ఇప్పటికీ వంకరే.

పాతది అరిగిపోయాక నా కొడుకు కొత్త ఇంజను తెచ్చాడు. దాని చక్రం పక్కన అరచేతిలో ఇమిడే నల్లటి ముద్ద ఒకటి, రెండు ఇనుపకాళ్ళతో బిగించి ఉంది. కాయిలు అంటారట.

“ఇందులో పాయింట్లు నేవమ్మా. రుద్దడానికి ఏటీ నేదు. రవ్వ ఎప్పుడేయాలో అంతా ఈ కాయిలే సూసుకుంటాది” అన్నాడు.

“పాడైతే?”

“పాడైతే కొత్తది ఏసుకోడమే.”

“అంటే ఇప్పి సూడ్డానికి నేని సరుకు కొన్నావన్నమాట.”

“నువ్వు ఇప్పుతావనే అలా సేసుంటారత్తా” అంది నా కోడలు, బియ్యంలో రాళ్ళు ఏరుతూ.

విశ్వకర్మ పూజ వస్తోందంటే మా వైపు ఇనుమున్న ప్రతి ఇంట్లోనూ కడుగుళ్ళు, తుడుపుళ్ళు. సైకిలుకి, కొడవలికి, పారకి, ఇంజనుకి, అన్నిటికీ బొట్లు. చాలామంది రంగు కూడా వేస్తారు. తలుపులకి వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు నా దగ్గర ఒక డబ్బాలో ఉంది. మీద తోలు కట్టింది. తోలు తీసి కాస్త కిరసనాయిలు కలిపాను. పారేసే అలవాటు నాకు లేదు.

పైరేకుకి వేసి ఊరుకుని ఉంటే ఏ గొడవా లేకపోను. కొడుకు ఎరువు కోసం వెళ్ళాడు. నేను పైరేకు విప్పాను. కాయిలు ఇనుపకాళ్ళ మీద ఎర్రగా తుప్పు కనబడింది. మా దగ్గర ఉప్పుగాలి గోడకి కొట్టిన మేకుని కూడా తినేస్తుంది. తలుపు బందులకి రంగు వేస్తే తుప్పు ఆగింది కదా, దీనికెందుకు ఆగదనుకున్నాను. రెండు మరలు విప్పి కాయిలు బయటికి తీశాను. కాళ్ళకి రంగు వేశాను. ఆ కాళ్ళు కూర్చునే దిమ్మలకి వేశాను. మరల్ని కూడా వదల్లేదు. ఎండలో పెట్టి రెండో పూత కూడా వేశాను. ఆరాక మళ్ళీ బిగించాను. చక్రానికీ కాయిలుకీ మధ్య ఎంత సందుండాలో కంటి అంచనాతో పెట్టాను. రాసుకుంటే అరిగిపోతుందని కాస్త ఎక్కువే వదిలాను.

ఆ సాయంత్రం అన్నం పెడుతూ కోడలు నా చేతులు చూసింది.

“గోళ్ళకి రంగేటత్తా, పెళ్ళికూతురిలాగ?”

“పైరేకుకి ఏసేను.”

“పైరేకు అరుగు మీదుంది. నువ్వు మరలు సీరకొంగులో పోసుకుని పెరట్లో కూకున్నావు. నాను సూసేను.”

“సూస్తే సూసేవు. ముద్ద తినియ్యి నన్ను.”

పూజనాడు ఇంజను నడపం. గంధం పెట్టాను, కుంకుమ పెట్టాను, దండం పెట్టాను. ఆకుపచ్చగా కొత్తదానిలా ఉందని కొడుకు మురిసిపోయాడు. తర్వాత వారం పైగా వానలే. దానితో పని పడలేదు. ఆ వానలు వస్తున్నన్నాళ్ళూ నేను ఎంత హాయిగా ఉన్నానో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

వాన ఆగింది. ఆగినది మళ్ళీ రాలేదు. వరి పొట్టమీద ఉంది. వెన్ను లోపలే ఉండి బయటికి రాబోయే రోజులవి. ఆ రోజుల్లో నీళ్ళు తప్పితే వెన్ను వస్తుంది కానీ గింజ పట్టదు, చేటలో పోసి ఊదితే ఎగిరిపోయే తాలు మిగులుతుంది. మిట్టన ఉన్న మడిలో ముందు తడి పోయింది, తర్వాత నెర్రె పడింది. కొడుకు ఇంజనుని గెడ్డ ఒడ్డుకి మోసుకెళ్ళి తాడు లాగాడు.

ఒక దగ్గు దగ్గి ఊరుకుంది. మళ్ళీ లాగాడు. ఏమీ లేదు. పదిసార్లు లాగితే ఒకసారి పట్టి, నాలుగు తిరుగుళ్ళు తిరిగి, ఆగిపోయింది. ప్లగ్గు విప్పి ఆరబెట్టాడు. పెట్రోలు పారబోసి కొత్తది పోశాడు. నేను గట్టు మీద నిలబడ్డాను. మొదటి దగ్గు వినగానే చేతులు కొంగులో దాచుకున్నాను. ఎందుకు పట్టడం లేదో నాకు తెలియదు. ఎవరి వల్ల పట్టడం లేదో మాత్రం తెలిసిపోయింది.

చెప్పాలి. అక్కడే చెప్పాలి. కానీ కొడవలి వానలో వదిలేశాడని మొన్ననే వాణ్ణి పదిమందిలో దులిపాను. తెలియని వస్తువు ముట్టుకోకూడదని కోడలికి రోజూ చెప్పే నోరు నాది. ఆ నోటితోనే చెప్పాలి. రేపు పడుతుందేమో, తేమ ఆరితే పడుతుందేమో అనుకున్నాను. పక్కమడి ఇంజను మూడు మళ్ళకి మాట ఇచ్చుకుని ఉంది, వారం దాకా మనకి రాదని తెలుసు. అయినా ఊరుకున్నాను.

రెండో రోజు మధ్యాహ్నం దాకా వాడు లాగుతూనే ఉన్నాడు. చేతుల్లో సత్తువ పోయింది. విసురుగా మొదలెట్టి సగంలో వదిలిన తాడుకి పిస్టన్ పైదాకా చేరలేదు. సరిగ్గా అప్పుడు రవ్వ పడింది. అంతసేపూ పడని రవ్వ అప్పుడే పడింది. ఇంజను ఎదురు తన్ని తాడుని వెనక్కి లాక్కుంది. తాడు పిడితో పాటు వాడి కుడిచెయ్యి కూడా గుంజుకుపోయింది. వాడు మణికట్టు పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు.

పసుపూ సున్నం కలిపి పట్టు వేశాను. వంకరగోటి మీద ఇంకా పచ్చరంగు చార ఉంది. కోడలు ఆ చార వైపే చూసింది, నా ముఖం వైపు చూడలేదు.

మూడో రోజు మూడుసార్లు పొలం వెళ్ళాను. చూసి చేసేదేమీ లేదు. అయినా ఇంట్లో కాలు నిలవలేదు. నెర్రెలో నా బొటనవేలు దూరింది. ఆకులు మధ్యాహ్నానికే చుట్ట చుట్టుకుంటున్నాయి. ఒక పొట్ట చీల్చి చూశాను, లోపల వెన్ను ఇంకా పాలరంగులోనే ఉంది. ఇంకా సమయం ఉంది. ఎంత ఉందో తెలియదు.

ఇంటికి వచ్చేసరికి కొడుకు కాయిలు విప్పించమని పక్కింటాయన్ని పిలవబోతున్నాడు. “కాయిలు పోయినట్టుంది. అది ఇప్పి బరంపురం పట్టుకెళ్ళి కొత్తది తెస్తాను” అన్నాడు.

కాయిలు ఒక్కటే వెళ్తే నా రంగు సగం ఇంట్లోనే ఉండిపోతుంది, ఆ దిమ్మల మీద. కొత్తది తెచ్చి ఆ రంగు మీదే కూర్చోబెడతారు.

“ఇంజను మొత్తం పట్టుకెల్దాం. నానూ వొస్తాను” అన్నాను.

“నీకెందుకమ్మా ఈ ఎండలో?”

“ఒంటిచెయ్యోడివి, ఎలా మోస్తావు?”

మర్నాడు పొద్దున్నే నేను చద్దన్నం డబ్బాలో సర్దుకుంటుంటే కోడలు వచ్చి పక్కన నిలబడింది. గొంతు తగ్గించి అడిగింది. “దారిలో సెప్తావా అత్తా, నన్నే సెప్పమంటావా?”

“నాను సెప్తాను.”

“సెప్తే మంచిదే. నాకైతే నిన్న రేతిరి నుండి కడుపులో నొప్పిలా ఉంది, మూసి పెట్టలేక.”

దారిలో చెప్పలేదు. బస్సులో గోనెసంచిలో ఇంజను నా కాళ్ళ మధ్య ఉంది. కండక్టరు సంచి తట్టి చూసి, “దీనికి టిక్కెట్టు తియ్యాల, ముసలమ్మా. నీకంటే బరువుంది” అన్నాడు. “నడవని దానికి టిక్కెట్టేటి?” అన్నాను. బస్సులో నవ్వారు. కొడుకు కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి, ఇప్పుడు చెప్పనా అనుకున్నాను. బస్సు స్టాండు వచ్చేసింది.

గేట్ బజార్లో ఆటో దిగి, బట్టల కొట్ల వెనక సందులోకి మోసుకెళ్ళాం. మిస్త్రీ ఒడియావాడు, నా ఈడువాడే. మాతో బజారు తెలుగు మాట్లాడతాడు. ప్లగ్గు విప్పి, వైరుకి తగిలించి, ఇంజను ఒంటికి ఆనించి పెట్టాడు. తాడు లాగాడు. ఒక ఎర్రటి రవ్వ చిట్లింది. మళ్ళీ లాగితే లేదు. ఆపే స్విచ్చు వైరు ఊడదీసి లాగాడు. “కిచ్ఛి నాహిఁ” అన్నాడు, ఏమీ లేదని తల ఊపుతూ.

“కాయిలు పోయింది కదా. కొత్తది ఏసియ్యి” అన్నాడు నా కొడుకు.

మిస్త్రీ అరలోంచి కొత్త కాయిలు అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత పైరేకు విప్పాడు. విప్పి, అలాగే చూస్తూ ఉండిపోయాడు.

“ఇది కంపెనీ రంగు కాదు. ఎవరు ఇప్పారు దీన్ని?”

“ఎవులూ ఇప్పనేదు. మా ఇంట్లో మా అమ్మ ఎవుల్నీ ముట్టనివ్వదు” అన్నాడు కొడుకు.

సందులో ఎవరో బట్టల మూట ఎత్తుకుంటూ కేకేస్తున్నారు. నా చెవుల్లో అది దూరంగా వినిపించింది.

“నానే ఇప్పేను” అన్నాను. “పూజకి రంగేసేను. కాళ్ళకి కూడా ఏసేను. తుప్పు పడతాదని.”

కొడుకు నా వైపు తిరిగాడు. కోపం కనబడి ఉంటే తట్టుకునేదాన్ని. వాడు నన్ను చూసి, కట్టు కట్టిన చెయ్యి చూసుకుని, మళ్ళీ నన్ను చూశాడు. అంతే.

మిస్త్రీ నవ్వలేదు, తిట్టలేదు. పిన్నిని పిలిచినట్టు వాళ్ళ మాటలో పిలిచి నాకు స్టూలు జరిపాడు. “కూచో మావుసీ. పూజ ముందర ఏటా ఇట్లాంటివి వస్తాయి నాకు. కాని కాయిలు ఇప్పి మరీ రంగేసింది నువ్వొక్కదానివే” అన్నాడు. బ్లేడు తీసుకుని దిమ్మల మీద రంగు గీకుతూ చెప్పసాగాడు. రవ్వ ప్లగ్గు దాకా ఒక దారిన పోతుందట. తిరిగి రావడానికి ఇంకో దారి కావాలట. ఆ తిరుగుదారి ఇంజను ఇనుమే. ఈ కాళ్ళూ ఈ దిమ్మలూ ఒంటికి ఒళ్ళు ఆనుకుని ఉంటేనే దారి నడుస్తుంది. మధ్యన నేను తలుపురంగుతో గోడ కట్టాను. మర పక్కనో ఎక్కడో రవ్వంత ఆనినప్పుడు ఒక్కో దెబ్బ పడేది, లేనప్పుడు లేదు.

“మరి పాయింట్లు నేకుండా దీనికి అదను ఎలా తెలుస్తాది?” అని అడిగాను. అడక్కుండా ఉండలేకపోయాను.

అతను చక్రాన్ని చేత్తో తిప్పి చూపించాడు. చక్రం అంచున అయస్కాంతం ఉంది. అది కాయిలు కాళ్ళ ముందు నుంచి పోయేటప్పుడు కాయిలు తీగల్లో కరెంటు పుడుతుంది, పొంగుతుంది. లోపల ఉన్న చిన్న సర్క్యూట్ ఆ పొంగుని కనిపెట్టుకుని ఉంటుంది. ఇంత అనే గుర్తు దాకా పొంగగానే టక్కున తెంచేస్తుంది. ఆ తెంపుకే రవ్వ పుడుతుంది. చక్రం ఇరుసుకి ఒకే తీరున బిగించి ఉంటుంది కాబట్టి, అయస్కాంతం కాయిలు ముందుకి వచ్చే వేళా, పిస్టన్ పైకి చేరబోయే వేళా ఒక్కటే.

“సందు ఎక్కువైతే అయస్కాంతం బలం అందదు. నెమ్మదిగా లాగితే గుర్తు దాకా పొంగనే పొంగదు. నువ్వు చాలా సందు పెట్టినావు మావుసీ.”

“రోట్లో ఎగదోసే సెయ్యి లాగన్నమాట” అన్నాను. “రోకలి లేచింది సూసి దూరాల.”

అతని ముఖం విప్పారింది. “హఁ. మా బోవు ఢెంకిలో ధాన్యం తిప్పేది, అట్లాగే” అన్నాడు, కాలితో తొక్కే రోకలి దగ్గర కూర్చున్న తల్లిని తలచుకుని.

కొత్త కాయిలు పెట్టె తిరిగి అరలో పెట్టేశాడు. మరలూ కాళ్ళూ గీకి, పాతదాన్నే దిమ్మల మీద పెట్టాడు. తర్వాత డబ్బాలోంచి పాత పోస్టుకార్డు తీశాడు. ఎవరో ఎవరికో రాసిన క్షేమసమాచారం, గ్రీజు మరకల కింద అక్షరాలు అరిగిపోయాయి. దాన్ని చక్రానికీ కాయిలుకీ మధ్య దూర్చి మరలు వదులు చేశాడు. అయస్కాంతం కాయిలుని తనవైపు లాక్కుని కార్డుకి అదిమేసింది. అలాగే మరలు బిగించి కార్డు బయటికి లాగేశాడు. పోస్టుకార్డు మందం, అంతే ఉండాల్సిన సందు. నేను అలాంటి కార్డులు నాలుగు దూరేంత పెట్టాను.

తాడు లాగాడు. ప్లగ్గు మొన మీద నీలం రవ్వ పడింది. మళ్ళీ లాగాడు, మళ్ళీ పడింది. ప్రతి లాగుడుకీ పడింది.

తిరుగు బస్సులో కొడుకు కిటికీ వైపు కూర్చున్నాడు. చద్దన్నం డబ్బా తెరిచి ఇస్తే తీసుకున్నాడు, ఎడంచేత్తో తిన్నాడు. సగం దారిలో డబ్బా తిరిగి ఇస్తూ అన్నాడు.

“మొదటి రోజే సెప్పుంటే, అమ్మా.”

డబ్బా మూత పెట్టి ఒళ్ళో పెట్టుకున్నాను.

గెడ్డ ఒడ్డుకి చేరేసరికి ఇంకా పొద్దుంది. కోడలు పైపు పరిచి సిద్ధంగా ఉంది. తాడు లాగడానికి వాడి చెయ్యి లేవదు. కోడలు ముందుకొచ్చింది. నేను ఆమెని పక్కకి జరిపాను. వాణ్ణి తన్నిన ఇంజను, తన్నితే నన్నే తన్నాలి. మిస్త్రీ చెప్పినట్టు తాడు మెల్లగా లాగి, బరువు తగిలిన చోట ఆపి, వెనక్కి వదిలాను. వంకరగోటి వేలు పిడి చుట్టూ బిగించాను. సగంలో భయపడి వదిలితే ఎదురు తన్నుతుందని తెలుసు. తెలిసి భయపడకుండా ఉండడం ఎవరి తరం. కళ్ళు మూసుకుని చివరిదాకా లాగాను.

పట్టింది. ఒక్క దగ్గు కూడా దగ్గలేదు.

“పెళ్ళికూతురికి సెయ్యి కలిసొచ్చింది” అంది కోడలు, పైపు సర్దుతూ.

నీళ్ళు మొదటి మడిలో పడ్డాయి. నెర్రెలు ముందు తాగాయి, చాలాసేపు నీళ్ళు కనబడనే లేదు. అది నిండి, పైపు పైమడికి జరిపి, అక్కడా నీళ్ళు పడేదాకా నేను ఇంజను పక్కనుంచి లేవలేదు. ఎక్కడ ఒక దెబ్బ తప్పుతుందో అని వింటూ కూర్చున్నాను. కింది మళ్ళు గట్టెక్కాయి. పైమడి మూల, ఎప్పుడూ ముందుగా ఆరిపోయే మూల, గట్టెక్కలేదు. వెన్నులు నిటారుగా, తెల్లగా వచ్చాయి. గింజ ఉన్న వెన్ను తల వంచుతుంది.

కోతలయ్యాక ఆ మూల ధాన్యం నేనే విడిగా చెరిగాను. వేరేవాళ్ళ చేతికి ఇవ్వలేదు. చేట ఎగరేసిన ప్రతిసారీ తాలు గాలికి లేచిపోయి, అడుగున గుప్పెడు గింజలు మిగిలేవి. కొడుకు వచ్చి కాసేపు చూశాడు. మణికట్టు నయమైంది కానీ బరువెత్తితే ఇంకా సలుపుతుందంటాడు. వంగి ఆ గుప్పెడు గింజలు కుంచంలో పోశాడు.

“రంగు డబ్బా ఎక్కడెట్టేవు?” అని అడిగాడు.

“అటక మీద. ఇంకా సగముంది.”

“ఉండనీ. వచ్చే పూజకి పైరేకుకి నువ్వే ఏద్దూగాని. నాను పక్కన కూకుంటాను.”

నేను చేట మళ్ళీ ఎత్తాను.